విషాదాంత గే ప్రేమకథా సిరీస్‌లు: ఒకడు పోయాక మిగిలినవాడి బాధ తెర మీద ఎందుకు నిలవట్లేదు?

తెరచాటు_గాలి
ఎనిమిది ఎపిసోడ్ల సిరీస్ అనుకోండి. ఏడోదాంట్లో ఒకడు చనిపోతాడు. అక్కణ్ణుంచి వాన, పియానో, గోడకి జారగిలబడి ఏడుపు, పాత సీన్లే తిప్పితిప్పి వేయడం. పది నిమిషాలయ్యేసరికి చూసేవాడి కళ్ళు పొడిబారిపోతాయి. ఇంకొన్ని సిరీస్‌లలో ఎవరూ గట్టిగా ఏడవరు, కానీ గొంతు పట్టేసి వారం దాకా వదలదు. తేడా ఎక్కడొస్తోంది? రాతలోనా, తీయడంలోనా, ఎడిటింగ్‌లోనా? "నటన బాగుంది" లాంటి జవాబులు వద్దండీ. ఏ ఎపిసోడ్‌లో ఏం పెట్టాలి, ఏం తీసేయాలి, ఎక్కడ ఎంతసేపు ఆగాలి, అలా విప్పి చెప్పండి. స్పాయిలర్లు వస్తాయి, చూడనివాళ్ళు జాగ్రత్త.

పాతరేడియో
రాతలోనే. చనిపోయే సీన్‌కి పదిహేను పేజీలు, ఆ తర్వాత బతికే బతుక్కి మూడు పేజీలు ఇస్తారు. అది తిరగేయాలి. మరణం ఏడోదాంట్లో పెడితే దుఃఖానికి చోటే మిగలదు, మిగిలేది అంత్యక్రియలు ఒక్కటే. ఎనిమిదిట్లో నాలుగో ఎపిసోడ్ చివర్లో పెట్టి చూడండి.

కత్తెరమనిషి
నాలుగో దాంట్లోనే పోతే ఆ జంటని ప్రేమించడానికి టైమేదీ? మూడు గంటలు కూడా ఉండదు.

పాతరేడియో
@కత్తెరమనిషి మరణాన్ని వరస ప్రకారమే చూపాలని ఎవరన్నారు? 'ఫెలో ట్రావెలర్స్' (2023, ఎనిమిది ఎపిసోడ్లు) చూడండి. జంటలో ఒకడైన టిమ్ జబ్బుపడ్డాడన్న సంగతి మొదటి ఎపిసోడ్‌లోనే తెలిసిపోతుంది. ఆ తర్వాత కథ 1950ల వాషింగ్టన్‌కీ 1986 శాన్‌ఫ్రాన్సిస్కోకీ మధ్య తిరుగుతుంది. వాళ్ళు తొలిసారి నవ్వుకున్న సీన్ కూడా మనం ఆఖరు తెలిసే చూస్తాం. అందుకే అక్కడ ఏ నవ్వూ తేలిగ్గా ఉండదు. 'అంటిల్ వి మీట్ అగైన్' (థాయ్, 2019, పదిహేడు ఎపిసోడ్లు) అయితే మొదటి ఎపిసోడ్ ఆరంభంలోనే కోర్న్, ఇన్‌టచ్ అనే ప్రేమికులిద్దర్నీ చంపేస్తుంది. ఎలా పోతారు అన్న ఉత్కంఠని ముందే ఖర్చుపెట్టేస్తే, మిగిలిన టైమంతా బాధకే దక్కుతుంది.

చకోరపక్షి
అసలు చిక్కు ఇంకా వెనకాల ఉంది. విరహం, శోకం రెండూ ఒకటే అన్నట్టు తీస్తున్నారు. భరతుడు నాట్యశాస్త్రంలోనే ఈ రెంటినీ విడదీశాడు. విప్రలంభ శృంగారం సాపేక్షం, అంటే మళ్ళీ కలుస్తామన్న ఆశ లోపల ఉంటుంది. కరుణం నిరపేక్షం, ఆ ఆశ తెగిపోయింది. మొదటిదానికి స్థాయీభావం, అంటే అడుగున నిలిచి ఉండే భావం, రతి (ప్రేమ), రెండోదానికి శోకం.

దీన్ని సీన్‌లోకి దించండి. విరహంలో ఉన్నవాడు ఎదురుచూస్తాడు: ఫోన్ వైపు చూపు, గుమ్మం వైపు చెవి, అద్దం ముందు ఒక క్షణం ఎక్కువ. శోకంలో ఉన్నవాడికి ఎదురుచూడ్డానికేం లేదు, ఒళ్ళు బరువెక్కుతుంది, చూపు ఎక్కడా నిలవదు. మీ సీన్‌లో వాడికి ఆశ ఉందా లేదా అన్నది ముందు తేల్చుకోండి. చనిపోయాడని తెలిసి ఆరు నెలలైనవాడి చేత కిటికీ దగ్గర ఎదురుచూపు నటింపజేస్తే అది విరహమూ కాదు, శోకమూ కాదు, ఉత్త ఫొటో.

మూడోసీటు
పైన చకోరపక్షి గీసిన గీత మరీ గట్టిది. చనిపోయాక కూడా జనం ఎదురుచూస్తారు. అడుగుల చప్పుడుకి తల తిప్పుతారు. బుద్ధికి తెలిసింది ఒంటికి తెలియడానికి టైం పడుతుంది.

చకోరపక్షి
@మూడోసీటు మంచి మాట. దానికీ శాస్త్రంలో చోటుంది. విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో విప్రలంభాన్ని నాలుగు రకాలు చేశాడు: పూర్వరాగం (కలవకముందటి ప్రేమ), మానం (అలక), ప్రవాసం (దూరం వెళ్ళడం), కరుణం. ఆ నాలుగోది, కరుణ విప్రలంభం, ఇద్దరిలో ఒకరు పోయినా మళ్ళీ దొరికే ఆశ ఉన్నచోట వస్తుంది. కాదంబరిలో పుండరీకుడు చనిపోతే, మళ్ళీ కలుస్తావన్న దివ్యవాక్కు పట్టుకుని మహాశ్వేత తపస్సులో కూర్చుంటుంది, అదే దీనికి ఉదాహరణ. పునర్జన్మ సిరీస్‌లన్నీ ఈ గదిలోకే వస్తాయి. 'అంటిల్ వి మీట్ అగైన్'లో ఆ ప్రేమికులే మళ్ళీ పుట్టిన ఫామ్‌కీ డీన్‌కీ కారణం తెలియని కన్నీళ్ళు వస్తాయే, వాళ్ళకి ఆ పోగొట్టుకున్నదేదో గుర్తు లేదు, వెలితి మాత్రం ఉంది. ఆశ, శోకం రెండూ ఒకే మొహంలో చూపించాల్సొస్తుంది కాబట్టి తీయడం అన్నిటికన్నా కష్టం.

తెరచాటు_గాలి
ఇది నిజంగా పనికొచ్చింది. ప్రతి సీన్ పక్కన "ఆశ ఉంది / పోయింది / ఒంటికి ఇంకా తెలీదు" అని ఒక గుర్తు పెట్టుకోవచ్చన్నమాట.

నీలికలువ
అందరూ ఒకటి వదిలేస్తున్నారు. గే కథలో మిగిలినవాడి దుఃఖానికి బయట గుర్తింపు ఉండదు. కెన్నెత్ డోకా అనే పరిశోధకుడు 1989లో దీని మీదే పుస్తకం తెచ్చాడు: సమాజం ఒప్పుకోని దుఃఖం, ఏడ్చే హక్కు దక్కని దుఃఖం. ఆ హక్కు లేకపోవడం సీన్‌లో కనపడకపోతే అది ఏ జంటకైనా సరిపోయే మామూలు విషాదం అయిపోతుంది.

రాసేముందు మరణం తర్వాతి 72 గంటలకి ఒక పట్టిక వేసుకోండి. కబురు మొదట ఎవరికి వెళ్తుంది? ఇతనికి ఎవరి నోటంట, ఎన్ని గంటల తర్వాత తెలుస్తుంది? ఆసుపత్రిలో సంతకం ఎవరిది? శవాన్ని చూడనిస్తారా? చూడనిస్తే ఏ సంబంధం చెప్పుకుని లోపలికి వెళ్ళాడు? అంత్యక్రియల్లో ఎన్నో వరసలో నిలబడ్డాడు? గది తాళం ఎవరి దగ్గరుంది, బట్టలు ఎవరు పట్టుకెళ్ళారు? ప్రతి ప్రశ్నా ఒక సీన్. వీటిలో నాలుగు రాస్తే చాలు, వాన అక్కర్లేదు.

'ఇట్స్ ఎ సిన్' (బ్రిటన్, 2021, ఐదు ఎపిసోడ్లు) బలమంతా ఇక్కడే. ఎయిడ్స్‌తో చావుకి దగ్గరైన రిచీని వాళ్ళమ్మ ఐల్ ఆఫ్ వైట్‌లోని ఇంటికి తీసుకుపోతుంది. ఇన్నాళ్ళూ దగ్గరుండి చూసుకున్న స్నేహితురాలు జిల్ అక్కడిదాకా వెళ్తే లోపలికి రానివ్వదు. చివరికి తల్లే వచ్చి నిన్ననే పోయాడని చెప్తుంది. మరణం మనకి చూపించరు, జిల్‌కి దక్కలేదు కాబట్టి మనకీ దక్కదు. అదే సిరీస్ రెండో ఎపిసోడ్‌లో వాళ్ళ స్నేహితుడు గ్రెగరీ పోయాక కుటుంబం అతని వస్తువులన్నీ తగలబెట్టేస్తుంది.

ఆర్ద్రనక్షత్రం
దీనికి ఒక ఫారం సీన్ కలపండి. "మృతుడితో మీ సంబంధం" అన్న గడి. పెన్ను ఆగుతుంది. "స్నేహితుడు" అని రాస్తాడు. కాగితం తిరిగి ఇచ్చేస్తాడు. డైలాగ్ లేదు. అవతలి ఉద్యోగి మాత్రం మర్యాదగానే ఉండాలి, కసిరేవాణ్ణి పెట్టారో ప్రేక్షకుడికి కోపం వచ్చి బాధ పక్కకి పోతుంది.

పాతరేడియో
అవును, ఆ చివరి మాట బంగారం. విలన్ దొరికితే దుఃఖానికి దారి దొరికిపోతుంది.

మూడోసీటు
'ఫెలో ట్రావెలర్స్' ఆఖర్లో దీనికి బదులు ఉంది కదా. ఎయిడ్స్‌తో పోయినవాళ్ళ పేర్లతో గుడ్డ పలకలు కలిపి కుట్టిన స్మారక దుప్పటి దగ్గర, టిమ్ పేరున్న పలక ముందు, అతని ప్రేమికుడు హాక్ తన కూతురితో వాడు స్నేహితుడు కాదు, నేను ప్రేమించిన మనిషి అంటాడు. ఎనిమిది ఎపిసోడ్లు దాచిన మాట కాబట్టి అంత చిన్న వాక్యం అంత బరువు మోసింది. ఆ దుప్పటి నిజంగానే 1987 అక్టోబర్‌లో వాషింగ్టన్‌లో మొదటిసారి పరిచారు, 1,920 పలకలు. ఒక్కో పలక మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, అంటే ఒక సమాధి కొలత. చాలామందికి సరైన అంత్యక్రియలే జరగని రోజులవి.

బూమ్‌రాడ్
శబ్దం సంగతి ఎవరూ ఎత్తలేదు. సిరీస్‌లో బాధ సగం చెవిలోంచే వెళ్తుంది.

1. జంట ఉండే ఇంటి రూమ్ టోన్, అంటే ఎవరూ మాట్లాడనప్పుడు గదిలో ఉండే సన్నటి శబ్దం, ప్రతి గదికీ నిమిషం చొప్పున రికార్డు చేసుకోండి. దాని మీద రెండోవాడి శబ్దాలు పొరలుగా వేయండి: చెప్పుల చప్పుడు, కూనిరాగం, గ్లాసులో చెంచా. తొలి ఎపిసోడ్లలో అవి సన్నగా, తెర బయటినుంచి వినపడుతూ ఉండాలి. వాడు పోయాక ఆ పొర ఒక్కటే తీసేయండి. ఫ్యాన్, ఫ్రిజ్, వీధి అన్నీ ఉంటాయి. ఇంట్లో ఏదో తగ్గిందని ప్రేక్షకుడికి అనిపిస్తుంది, ఏమిటో చెప్పలేడు.

2. శబ్దాన్ని పూర్తి సున్నాకి దించొద్దు. ఫోన్‌లో చూసేవాడు వీడియో ఆగిందేమో అనుకుంటాడు.

3. కబురు తెలిసిన సీన్‌లో సంగీతం వద్దు. తప్పదంటే మాట పూర్తయి కనీసం పది సెకన్లు గడిచాక. మాట కన్నా ముందే తీగలు మోగితే, ఇప్పుడు ఏడవండి అని చెప్పినట్టు ఉంటుంది.

4. ప్రేమ థీమ్‌ని రెండో ఎపిసోడ్‌లో ఒక్కసారి పూర్తిగా వినిపించండి. తర్వాత దాన్ని చివరి స్వరానికి ముందే ఆపేయండి. షడ్జం మీద దిగాల్సిన పాట నిషాదం దగ్గర ఆగిపోతే చెవి దానికోసం వెతుక్కుంటుంది. ఆ వెతుకులాటే విరహం.

చకోరపక్షి
@బూమ్‌రాడ్ నాలుగోదానికి నమస్కారం. 'ది అన్‌టేమ్డ్' (చైనా, 2019, యాభై ఎపిసోడ్లు)లో ఒక రాగమే కథని మోస్తుంది. గుహలో లాన్ వాంగ్‌జీ ఒక్క వేయ్ వూషియన్‌కే వినిపించిన బాణీ అది. వేయ్ పోయిన పదహారేళ్ళ తర్వాత ఎవడో అనామకుడు వేణువు మీద అదే వాయిస్తే, లాన్ వాంగ్‌జీ వచ్చి వాడి చెయ్యి పట్టుకుంటాడు. చైనా నిబంధనల వల్ల వాళ్ళ ప్రేమని తెర మీద నోరారా చెప్పడానికే వీల్లేదు. చెప్పలేనిదంతా ఆ బాణీలో పెట్టారు.

ఆర్ద్రనక్షత్రం
పదహారేళ్ళ సంగతి వచ్చింది కాబట్టి కాలం దాటించడం గురించి ఒక మాట. "ఐదేళ్ళ తర్వాత" అని తెర మీద వేసి, గడ్డం పెంచి, కళ్ళజోడు పెడితే సరిపోదు. మారని అలవాటు ఒకటి, మారిపోయిన అలవాటు ఒకటి చూపండి. మంచంలో ఇప్పటికీ గోడవైపే పడుకుంటాడు, మారలేదు. చక్కెర మానేసినవాడు రెండోవాడిలాగా చక్కెర వేసుకోవడం మొదలుపెట్టాడు, మారింది. రెండోది ఎవరూ నోటితో చెప్పకూడదు.

కత్తెరమనిషి
ఎడిటింగ్ వైపు నుంచి.

ఏడుపు: కన్నీరు చెంప మీదికి జారకముందే కట్ చేయండి. జారిందంటే నటుడు ఏడ్చేశాడు, ప్రేక్షకుడికి పని మిగల్లేదు.

నిడివి: పన్నెండు సెకన్ల షాట్ పొడుగా కాదా అన్నది చుట్టూ ఉన్న షాట్లని బట్టి ఉంటుంది. సిరీస్ అంతా మూడు నాలుగు సెకన్ల కట్లతో నడిస్తే ఆ పన్నెండు గుండె మీద కూర్చుంటాయి. అన్నీ పొడుగు షాట్లే అయితే అది శైలి అనుకుంటారు. ఎపిసోడ్‌కి అలాంటివి రెండు మించొద్దు.

ఖాళీ: ఇద్దరూ కూర్చునే ఫ్రేమ్ ఒకటి రెండో ఎపిసోడ్‌లో కుదుర్చుకోండి. లెన్సు, కెమెరా ఎత్తు, దూరం రిపోర్ట్‌లో రాసి పెట్టుకోండి. వాడు పోయాక అదే కొలతలతో అదే ఫ్రేమ్, ఒక్కడే, తన సగంలోనే. కెమెరా అతన్ని మధ్యకి తీసుకోకూడదు. ఖాళీ కుర్చీని క్లోజప్ వేశారో, చెడిపోయింది. చూపించకుండా ఉంచితేనే ప్రేక్షకుడు తనంతట తాను అటు చూస్తాడు.

పాత సీన్లు: ముందు వేసిన షాట్‌ని మళ్ళీ వేయకండి. అదే సంఘటన రెండోవాడి వైపు నుంచి, అప్పుడు మనకి కనపడని మొహం. దీన్ని షూటింగ్ అప్పుడే తీసి పెట్టుకోవాలి, తర్వాత అడిగితే సెట్ ఉండదు, నటుడి జుట్టు కూడా మారిపోయుంటుంది.

తెరచాటు_గాలి
మరి వస్తువుల సంగతి? చొక్కా వాసన చూడటం, రెండు కప్పులు పెట్టి ఒకటి వెనక్కి తీయడం... చూసి చూసి విసుగొచ్చింది.

నీలికలువ
రెండు కప్పుల సీన్‌కి సెలవు ఇచ్చేయొచ్చు. దాని బదులు, పోయినవాడు ఇంట్లో చేసే పనులేంటో జాబితా రాయండి. బల్బు మార్చేది వాడు, వైఫై పాస్‌వర్డ్ తెలిసింది వాడికి, గడియారంలో బ్యాటరీ వేసేది వాడు. ఇప్పుడు ఆ పనులు ఆగిపోతాయి. మూడో వారానికి గడియారం ఆగింది, ఎవరూ దాని ఊసెత్తరు, తర్వాతి ఎపిసోడ్‌లో కూడా అదే టైం చూపిస్తుంటుంది. కంటిన్యుటీ (సీన్‌కీ సీన్‌కీ వస్తువులు పొంతన తప్పకుండా) చూసేవాళ్ళకి ముందే చెప్పండి, పొరపాటనుకుని సరిచేసేస్తారు.

వస్తువు ఒక్కటే చాలు. మరణానికి ముందు మూడుసార్లు మామూలుగా వాడుతూ కనపడాలి, ఎవరూ దాని గురించి మాట్లాడకూడదు. తర్వాత అది అరిగిపోవాలి. చొక్కా వాసన పోతుంది. వాయిస్ మెసేజ్ ఫోన్ మార్చినప్పుడు ఎగిరిపోతుంది. వాడి నంబర్ కొన్నాళ్ళకి వేరే మనిషికి ఇచ్చేస్తారు, ఇటునుంచి ఫోన్ చేస్తే ఎవరో ఎత్తుతారు. పోగొట్టుకున్నదాన్ని మళ్ళీ పోగొట్టుకోవడం, అదే రెండో దెబ్బ.

మూడోసీటు
నంబర్ వేరేవాళ్ళకి వెళ్ళడం... చదువుతుంటేనే కడుపులో తిప్పింది.

వెన్నెలవాకిలి
అసలు ఎందుకు చంపాలి అని అడుగుతున్నా. హాలీవుడ్‌లో హేస్ కోడ్‌ని, అంటే తెర మీద ఏది చూపకూడదో చెప్పే నియమావళిని, 1934 నుంచి 1968 దాకా గట్టిగా పట్టుకున్నారు. స్వలింగ ప్రేమని ఊసెత్తనివ్వలేదు. చాటుమాటుగా ఎత్తినా ఆ పాత్రకి చావో జైలో రాసిపెట్టి ఉండేది. నియమం పోయినా అలవాటు పోలేదు. ఇవాళ కూడా ఇద్దరబ్బాయిల కథ అంటే ఒకడి దండ ఫొటో ముందే తయారు. చూసే కుర్రాళ్ళు దీన్నుంచి నేర్చుకునేదేమిటి?

పాతరేడియో
@వెన్నెలవాకిలి కోపం న్యాయమైందే. కానీ ఎయిడ్స్ కాలం కథలో అందర్నీ బతికిస్తే పోయినవాళ్ళకి అన్యాయం. తూకం ఎలా వేయాలంటే, మరణం దేన్నుంచి వచ్చిందో చూడండి. ప్రేమించినందుకు శిక్షగా వచ్చిందా, లోకం చేసిన పనివల్ల వచ్చిందా? చివరి పది నిమిషాల్లో ఊడిపడిన లారీయా? పోయినవాడికి ప్రేమ కాక ఇంకేదైనా సొంత పని, సగంలో ఆగిన కోరిక ఉందా? అది లేకపోతే వాణ్ణి రెండోవాడి కన్నీళ్ళ కోసమే పుట్టించారన్నమాట.

ఆర్ద్రనక్షత్రం
లారీ అయినా దానితో కథ మొదలైతే వేరు. 'ఎటర్నల్ ఎస్టర్‌డే' (జపాన్, 2022, ఎనిమిది ఎపిసోడ్లు)లో కోయిచీని లారీ గుద్దుతుంది, గుండె ఆగిపోతుంది, ఒళ్ళు చల్లబడుతుంది, అయినా లేచి నడుస్తాడు. మిత్సురు పక్కనే ఉంటాడు. చనిపోయినవాడు ఎదురుగా ఉండగానే వీడ్కోలు చెప్పాల్సిన కథ. మనిషి ఉన్నాడు, ఆశ లేదు. చకోరపక్షి గారి గదుల్లో దీన్ని ఎక్కడ పెడతారో మరి!

చకోరపక్షి
గుమ్మంలో నిలబెడతాను. లోపలికీ బయటికీ కాదు.

వెన్నెలవాకిలి
@పాతరేడియో ఆ మూడు ప్రశ్నలూ ఒప్పుకుంటున్నా. నాలుగోది కలపండి: ఆత్మహత్య. ఇలాంటి కథల్లో అది చాలా తేలిగ్గా వచ్చేస్తోంది, పైగా అందంగా తీస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సినిమా, నాటకాలు తీసేవాళ్ళకోసం ప్రత్యేకంగా ఒక మార్గదర్శి ఇచ్చింది. చేసిన విధానం, ఆ క్షణం చూపించొద్దు, సాయం అడిగి గట్టెక్కినవాళ్ళని కూడా చూపించండి అంటుంది. చావు ఇద్దరినీ కలిపింది అన్న అర్థం వచ్చే చివరి షాట్ అసలే వద్దు.

నీలికలువ
పూర్తిగా వెన్నెలవాకిలి పక్షమే. విధానం చూపించకపోతే సీన్‌కి పోయేదేం లేదు. కబురు అందుకున్నవాడి మొహం చాలు.

మూడోసీటు
దుఃఖానికి ఐదు దశలు అని ఎపిసోడ్‌కొకటి పంచేవాళ్ళున్నారు. తిరస్కారం, కోపం, బేరం, కుంగుబాటు, ఒప్పుకోలు. క్యూబ్లర్ రాస్ 1969లో ఆ దశలు రాసింది చావుకి దగ్గరైన రోగులతో మాట్లాడి. మిగిలినవాళ్ళకి అది టైంటేబుల్‌లా అతికించారు. రాసేవాళ్ళకి పనికొచ్చేది 1999లో స్ట్రోబ్, షూట్ ఇచ్చిన నమూనా. మనిషి రెండింటి మధ్య ఊగుతుంటాడు: ఒకసారి పోయినదానివైపు, ఒకసారి బతకాల్సిన పనులవైపు. కాబట్టి మరణం తర్వాత ప్రతి నాలుగు సీన్లలో మూడు మామూలు పనులవి ఉండనీయండి. ఆఫీసులో జోక్‌కి నిజంగా నవ్వనీయండి. బాధ నాలుగోదాంట్లో, సిద్ధంగా లేనిచోట పట్టుకోవాలి, సూపర్‌మార్కెట్ వరసలోనో లిఫ్ట్‌లోనో. సమాధి దగ్గర అందరూ సిద్ధంగానే ఉంటారు.

అక్షరంకింద
సబ్‌టైటిల్ వైపు నుంచి. ఇవన్నీ బాగా చేసి చివర్లో అక్షరాలతో చెడగొడతారు. నటుడు నోరు తెరవకముందే వాక్యం తెర మీద పడితే కబురు మనకి ముందే తెలిసిపోతుంది. మాట మొదలైన ఫ్రేమ్‌కే అక్షరం రావాలి. మాట ఆగాక అక్షరాన్ని మొహం మీద సాగదీయొద్దు, ఆ మౌనంలో కళ్ళు కింద చదువుతూ ఉండిపోతాయి. వాక్యం విరిగి విరిగి వస్తే సబ్‌టైటిల్ కూడా రెండుగా విరగ్గొట్టాలి, "వాడు..." ఒకటి, మిగతాది ఇంకొకటి. ఏడుస్తూ అన్న సగం మాటని పూర్తి వాక్యంగా దిద్దకండి.

కత్తెరమనిషి
@అక్షరంకింద మొదటిది శిలాశాసనంలా చెక్కించాలి.

తెరచాటు_గాలి
ఇప్పటిదాకా వచ్చినదాన్నిబట్టి ఎనిమిది ఎపిసోడ్లకి ఇలా పంచితే? ఒకటి: మరణం కబురు మాత్రం, ఎవరిదో ఎలాగో చెప్పకుండా. రెండు, మూడు: ప్రేమ, ఇద్దరి ఫ్రేమ్, పూర్తి థీమ్, ఇంటి శబ్దాలు. నాలుగు చివర మరణం. ఐదు: 72 గంటలు. ఆరు: మామూలు పనులు, గడియారం ఆగడం. ఏడు: ఏళ్ళు దాటడం, నంబర్ పోవడం. ఎనిమిది: ఆ దాచిన మాట ఒకరి ముందు బయటికి అనడం.

పాతరేడియో
కుదిరింది. రెండో మూడో ఎపిసోడ్‌లో వాళ్ళిద్దరి మధ్య ఒక గొడవ తేలకుండా వదిలేయండి, పెద్దది అక్కర్లేదు. తేలని గొడవ మిగిలినవాడికి ఎప్పటికీ తేలదు. ఎనిమిదిలో మాట ఎవరి ముందు అంటాడన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. ఆ మనిషి కనీసం మూడు ఎపిసోడ్లు అబద్ధం విన్నవాడై ఉండాలి.

నీలికలువ
ఐదులో తల్లిదండ్రులు కూడా శోకంలో ఉన్నారని మర్చిపోవద్దు. వాళ్ళ ఏడుపు నిజమైనదై ఉండాలి, అప్పుడే ఇతను వెనక వరసలో నిలబడటం ఇంకా కోస్తుంది.

తెరచాటు_గాలి
చివరి సందేహం. ఎనిమిదో ఎపిసోడ్ అయ్యీ కాకముందే యాప్ ఇంకో సిరీస్ ట్రైలర్ మొదలెట్టేస్తుంది. దానికేం చేయాలి?

బూమ్‌రాడ్
యాప్ మన చేతిలో లేదు. ఆఖరి షాట్ నడుస్తుండగానే మొదటి పేర్లు దాని మీద వేసేయండి, నల్ల తెరకి వెళ్ళకండి. బొమ్మ కదులుతుంటే జనం రిమోట్ ముట్టుకోరు. పాట పెట్టొద్దు, ఆ గది శబ్దమే పేర్ల కింద ముప్ఫై నలభై సెకన్లు నడవనీయండి.

కత్తెరమనిషి
ఆ షాట్ సెట్ మీద రెండు నిమిషాలు తీయమని ముందే అడగండి. అందరూ ఇరవై సెకన్లకి కట్ అనేస్తారు.